రోజుకు రెండు గంటలు టీవీ చూసే ఇంటికి ఏ ఛానళ్లు ఉంచాలె, ఏవి తీసెయ్యాలె? (హనుమకొండ)

వడ్డేపల్లి చెరువుకట్ట

అందరికీ నమస్తే. ఇంట్లో నలుగురం. టీవీ నడిచేది సాయంత్రం రెండు గంటలు, అంతే. ఎవరి రుచి వారిదే కాబట్టి విడివిడిగా రాస్తున్న.

అమ్మకు స్టార్ మాలో 'గుండె నిండా గుడిగంటలు'. నడిమిట్ల నుంచి చూస్తున్నది, ఎవరు ఎవరికి ఏమైతరో ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. ఇంటి ముచ్చట్లు, మాటల పోట్లాటలు ఇష్టం. పాము పగలు, మంత్రాలు వస్తే లేచిపోతది. బాపుకు వార్తలు, వీ6 తీన్మార్, ఈటీవీలో 'పాడుతా తీయగా'. నాయనమ్మకు ఎస్వీబీసీ, పండుగ పూట గుడి ప్రత్యక్ష ప్రసారాలు. నాకు 'ఢీ'లో మంచి డ్యాన్సులు వరకే. ఐపీఎల్ వస్తే తెలుగు కామెంటరీ కావాలె.

ఉన్నది కేబుల్, ఎస్‌డీ బాక్సు, అంటే హెచ్‌డీ రాని మామూలు రకం. ఎరుపు, పసుపు, తెలుపు పిన్నుల వైరుతో 43 అంగుళాల 4కే టీవీకి పెట్టి ఉంది. ప్యాకులో మూడొందలకు పైగా ఛానళ్లు.

అడిగేది మూడు. ఒకటి, మాకు అవసరమైనవి మాత్రమే పెట్టుకుంటే నిజంగా చవకైతదా? రెండు, నడుస్తున్న సీరియల్‌ను వెనకటి ఎపిసోడ్లన్నీ చూడకుండా అందుకునే మార్గం ఏంది? మూడు, టీవీలో మొహాలు మైనం పూసినట్టు కనబడతయి, నేపథ్య సంగీతంలో మాటలు మునిగిపోతున్నయి. ఇది టీవీ తప్పా, బాక్సు తప్పా?


కాజీపేట జంక్షన్

మొదటి ప్రశ్నకు చెప్త. ప్యాకు పేరు పక్కన పెట్టండి. బిల్లులో రెండు ముక్కలుంటయి. ఒకటి నెట్‌వర్క్ ఛార్జి, దాన్నే ఎన్‌సీఎఫ్ అంటరు: సిగ్నల్ మీ ఇంటిదాకా తెచ్చినందుకు తీసుకునేది. రెండోది పే ఛానళ్ల ధర. రెండింటి మీద 18 శాతం జీఎస్టీ.

2019 ఫిబ్రవరిలో ట్రాయ్ (టెలికం, టీవీ ఛార్జీలను నియంత్రించే సంస్థ) కొత్త పద్ధతి అమల్లోకి వచ్చినప్పుడు ఎన్‌సీఎఫ్ 100 ఛానళ్లకు 130 రూపాయలు దాటొద్దన్నరు. 2020లో అదే 130కి 200 ఛానళ్లు ఇయ్యాలన్నరు. 2024 జులైలో ఆ పరిమితే ఎత్తేసిండ్రు. ఇప్పుడు ఎంత తీసుకుంటడో ఆపరేటర్ ముందుగా ప్రకటించాలె, అంతే. కాబట్టి పక్కింటి బిల్లుతో పోల్చుకుంటే లాభం లేదు. మీ ఆపరేటర్‌ను 'నా బిల్లుల ఎన్‌సీఎఫ్ ఎంత, ఛానళ్లవి ఎంత' అని రెండు అంకెలు విడివిడిగా అడగండి. చాలామంది అడగరు, అక్కడే పోతయి పైసలు.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. మీరు రాసినదాంట్ల పైసలు పెట్టాల్సినవి మూడే: స్టార్ మా, ఈటీవీ, ఐపీఎల్ కోసం స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు. ఎస్వీబీసీ, డీడీ యాదగిరి, తెలుగు వార్తా ఛానళ్లలో చాలావరకు ఫ్రీ-టు-ఎయిర్, అంటే విడిగా ధర లేనివి, ఎన్‌సీఎఫ్‌లోనే వస్తయి. బొకేలో (కొన్ని ఛానళ్లు కలిపి ఒకే ధరకు అమ్మే కట్టలో) పెట్టే ఛానల్ విడి ధర 19 రూపాయలు దాటొద్దని 2023 ఫిబ్రవరి నుంచి నియమం. మూడింటికీ 19 చొప్పున వేసుకున్నా 57. ఎన్‌సీఎఫ్ 130 అనుకుంటే 187. జీఎస్టీ 33 రూపాయల 66 పైసలు. మొత్తం 220 రూపాయల 66 పైసలు. మీ ఇప్పటి బిల్లు దీనికంటే ఎంత ఎక్కువున్నదో చూసుకోండి. ఐపీఎల్ అయిపోంగనే స్పోర్ట్స్ తీసేస్తే నెలకు ఇంకో 22 రూపాయల 42 పైసలు తగ్గుతది.

అయితే విడిగా తీసుకుంటే ఎప్పుడూ చవక అనుకోవద్దు. బొకే మీద 45 శాతం దాకా తగ్గింపు ఇయ్యొచ్చు. ఉదాహరణకు ఒకే కంపెనీ ఛానళ్లు 19, 12, 5, 2 రూపాయలవి నాలుగున్నయనుకోండి. విడిగా 38. బొకేగా 20 రూపాయల 90 పైసలకు కూడా ఇయ్యొచ్చు. అంటే 19 రూపాయల ఛానల్ ఒక్కటి తీసుకునేటోడు ఇంకో రూపాయి తొంభై పైసలకు మిగతా మూడు తెచ్చుకుంటడు. నా అభిప్రాయం: ఒక కంపెనీలో ఒకటే ఛానల్ చూస్తే విడిగా, రెండు చూస్తే బొకే. స్టార్ మా, స్టార్ స్పోర్ట్స్ ఒకే కంపెనీవి కాబట్టి ఐపీఎల్ నెలల్లో ఆ రెండూ ఉన్న బొకే ధర తప్పకుండా అడగండి.

పొరపాట్లు జరిగేది మూడు చోట్ల. హెచ్‌డీ ఛానల్ పెట్టుకున్నంక కూడా అదే ఛానల్ ఎస్‌డీది తీసెయ్యకుండా ఉంచి, రెండింటికీ కడుతుంటరు. రీఛార్జి చేసినరోజు పాత ప్యాకే మళ్లీ ఎక్కుతది, ఎందుకంటే ఆపరేటర్ సిస్టంలో మీ పేరు మీద అదే నిలిచి ఉంటది. మార్పు చెప్పిన తర్వాత వచ్చే మొదటి రీఛార్జి మరునాడు తీసేసిన ఛానల్ ఒకటి పెట్టి చూడండి. బొమ్మ వస్తే ప్యాకు మారలేదని అర్థం. మూడోది, నోటిమాటగా చెప్పుడు. ఛానల్ పేరు, బాక్సులో దాని నంబరు, ఎస్‌డీనా హెచ్‌డీనా, ఈ మూడు రాసి వాట్సాప్‌లో పంపండి. ఛానల్ ధర బాక్సు గైడ్‌లోనే కనబడాలె. సున్నా ఉంటే ఫ్రీ-టు-ఎయిర్.


మట్టెవాడ మల్లెలు

తమ్మీ, అమ్మ సీరియల్ సంగతి నేను చెప్త.

ఆ సీరియల్ 2023 అక్టోబర్‌లో మొదలైంది. సోమవారం నుంచి శనివారం దాకా వారానికి ఆరు లెక్కన ఏడాదికి మూడొందల ఎపిసోడ్లు దాటుతయి. అన్నీ వెనక్కి పోయి చూసుడు అయ్యే పని కాదు, అవసరమూ లేదు. సీరియల్ రాసేటోళ్లు కొత్తగా వచ్చేటోళ్లను దృష్టిలో పెట్టుకొనే రాస్తరు. అందుకే ఒక్క విషయాన్ని ముగ్గురు పాత్రలు మూడు ఎపిసోడ్లలో చెప్పుకుంటరు. రోజూ చూసేటోళ్లకు అది సాగదీత, నడిమిట్ల కలిసినోళ్లకు అదే ఆసరా.

ముందు మనుషులు తెలియాలె. బాలు క్యాబ్ నడుపుతడు, నోరు కటువు, మనసు మెత్తన. మీనా పూలమ్ముకునే ఇంటి పిల్ల. నిజానికి మీనా పెండ్లి బాలు అన్న మనోజ్‌తో కుదిరింది. మనోజ్ పారిపోతే బాలు తాళి కట్టిండు. బాలు తల్లి ప్రభావతికి బాలు అంటే పడదు, మీనా అంటే అసలే పడదు. తండ్రి సత్యం ఇద్దరి వైపు ఉంటడు. మనోజ్ భార్య రోహిణి తన వెనకటి జీవితాన్ని దాచిపెట్టి ఈ ఇంటికి వచ్చింది. చిన్నోడు రవి, అతని భార్య శృతి, ఉన్నోళ్ల బిడ్డ. కథంతా రెండు దారాల మీద నడుస్తది: ప్రభావతి మీనాను ఎప్పుడు ఒప్పుకుంటది, రోహిణి గుట్టు ఎప్పుడు బయటపడతది. ఈ రెండు తెలిస్తే ఏ రోజు ఎపిసోడ్ పెట్టినా అమ్మకు అందుతది.

అందుకునే పద్ధతి ఇట్ల. జియోహాట్‌స్టార్‌లో మొదటి పది ఎపిసోడ్లు చూడనియ్యండి, పెండ్లి ఎట్ల అయిందో తెలుస్తది. తర్వాత ఏకంగా పోయిన రెండు వారాల శనివారం ఎపిసోడ్లకు రండి. వారంలో కథ మలుపు తిరిగేది శనివారమే, సోమవారం దాకా జనాన్ని ఆపాలె కాబట్టి. మధ్యలో ఏదన్న అర్థం కాకపోతే ఆ పాత్ర పేరు పెట్టి యూట్యూబ్‌లో ఛానల్ వాళ్లు ఇచ్చే ప్రోమోలు వెతకండి. ఒక్కోటి నిమిషంలోపే, అసలు సంగతి అందులోనే ఉంటది.

ఇంకో దారి కూడా ఉంది. ఇది తమిళంలో స్టార్ విజయ్‌లో 2023 జనవరిలో మొదలైన 'సిరగడిక్క ఆసై'కి తెలుగు రూపం. తమిళం కొన్ని నెలలు ముందు నడుస్తది కాబట్టి కథ ఎటు పోతదో తెలుసుకోవచ్చు. 'ఇల్లు ఇల్లాలు పిల్లలు' కూడా అట్లనే తమిళ 'పాండియన్ స్టోర్స్' రెండో భాగం నుంచి వచ్చింది. 'బ్రహ్మముడి' బెంగాలీ 'గాట్‌ఛొరా' నుంచి. అయితే మూలంలో జరిగినవన్నీ తెలుగులో జరుగుతయని నమ్మొద్దు. మొదటి వంద, నూటయాభై ఎపిసోడ్లు దగ్గరగా నడుస్తయి, తర్వాత ఇక్కడి రేటింగ్ చూసి కథ మలుపుతరు. 'కార్తీకదీపం' మలయాళం నుంచి వచ్చింది, తెలుగులో 1500 ఎపిసోడ్లు దాటింది. దీప పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళంలో కూడా అదే పాత్ర వేసింది.

మంత్రాలు, పాములు వద్దన్నరు కదా. అమ్మకు ఇంకో సీరియల్ కావాలంటే 'ఇల్లు ఇల్లాలు పిల్లలు' సరిపోతది: తండ్రి మాట, కొడుకుల పెండ్లిళ్లు, కోడండ్ల సర్దుబాటు. కొత్త సీరియల్ ఏ రకందో తెలుసుకోవాలంటే మొదటి ప్రోమోలో గుడి, నాగప్రతిమ, కండ్ల మీద దగ్గరి షాట్ ఉన్నయా చూడండి. ఉంటే అది దేవుని వైపు పోతది, ఇంటి ముచ్చట తక్కువ.

మహాసంగమం అని రెండు సీరియళ్లు కలిపి వారం రోజులు నడిపిస్తరు. ఆ వారం వదిలేసినా ఏమీ పోదు. అసలు కథ అక్కడ కదలదు, ఒక సీరియల్ ప్రేక్షకులను ఇంకోదానికి పరిచయం చేసే వారం అది.


సుబేదారి సాయంత్రం

మల్లెల అక్క చెప్పినదానికి ఒక చేర్పు, రేటింగ్ గురించి. రేటింగ్ లెక్కించే సంస్థ బార్క్. దాని వారం శనివారం మొదలై శుక్రవారం ముగుస్తుంది, అంకెలు తర్వాతి గురువారం వస్తాయి. దేశం మొత్తం మీద యాభై వేలకు పైగా ఇళ్లలో మీటర్లు ఉన్నాయి. మనుషుల చెవికి వినబడని గుర్తు ఒకటి ఛానల్ ఆడియోలోనే కలిపి పంపుతారు, మీటర్ దాన్ని పట్టుకుంటుంది. మన రెండు రాష్ట్రాలనూ ఒకే మార్కెట్‌గా లెక్కిస్తారు. వరంగల్ వాళ్లకు నచ్చినా మొత్తం మార్కెట్‌లో అంకె రాకపోతే ఆ సీరియల్ ప్రైమ్ టైం నుంచి మధ్యాహ్నానికి పోతుంది. మధ్యాహ్నానికి పోయిన సీరియల్‌కు చిక్కుముడులు వేగంగా విప్పడం మొదలైందంటే ముగింపు దగ్గరపడినట్టే. అలాంటిదాన్ని కొత్తగా మొదలుపెట్టకండి. అమ్మ ఫోన్లో చూస్తే ఆ చూపు ఈ లెక్కలోకి రాదు.

అరగంట స్లాటులో కథ ఎంత ఉంటుందో కూడా చెప్పాలి. గంటకు 12 నిమిషాలు మించి ప్రకటనలు ఉండకూడదన్నది కేబుల్ టెలివిజన్ నిబంధన: 10 వ్యాపార ప్రకటనలు, 2 ఛానల్ సొంతవి. అరగంటకు ఆరు. మిగిలిన 24లో పాట, నిన్నటి కథ, రేపటి కథ తీసేస్తే కొత్తది 20 నిమిషాల లోపు. స్లాటు మొదలైన మూడు నిమిషాలకు టీవీ ముందు కూర్చున్నా అమ్మకు ఏమీ పోదు.


హంటర్‌రోడ్ స్పీకర్

మూడో ప్రశ్న. తప్పు టీవీది కాదు. ఎస్‌డీ బొమ్మలో చుక్కలు 720 అడ్డం, 576 నిలువు, అంటే నాలుగు లక్షల పైచిలుకు. మీ 4కే తెరలో 83 లక్షలు. ఒక్కో చుక్క నుంచి టీవీ 20 చుక్కలు ఊహించి గీస్తుంది. చర్మం మీది చిన్న గీతలు ఆ ఊహలో కరిగిపోతాయి, అందుకే మైనం పూసినట్టు కనబడుతుంది. హెచ్‌డీలో 20 లక్షల 73 వేల చుక్కలు వస్తాయి, సరిగ్గా ఎస్‌డీకి ఐదు రెట్లు. ఊహ నాలుగు రెట్లకు తగ్గుతుంది.

దాని మీద ఆ మూడు పిన్నుల వైరు. పసుపు పిన్నులో రంగు, వెలుగు రెండూ ఒకే తీగ మీద కలిసి వస్తాయి, టీవీ మళ్లీ విడదీయాలి. పట్టుచీర అంచు దగ్గర రంగురంగుల పురుగులు పాకినట్టు కనిపించేది అందుకే. సీరియళ్లలో చీరలు, నగలు ఎక్కువ కాబట్టి వార్తల కంటే సీరియళ్లలోనే ఈ దోషం బాగా తెలుస్తుంది. హెచ్‌డీ బాక్సు తీసుకొని హెచ్‌డీఎంఐ వైరుతో కలిపితే ఇది పూర్తిగా పోతుంది. బాక్సు మెనూలో రిజల్యూషన్ 1080ఐ పెట్టండి. కొత్త బాక్సులు కొన్ని 576 లేదా 720 మీద ఉండి వస్తాయి. జనం మార్చకుండా 'హెచ్‌డీ కూడా ఇంతేనా' అంటారు. అమ్మ సీరియల్, బాపు పాటల పోటీ, ఈ రెండింటికి మాత్రం హెచ్‌డీ ఛానల్ పెట్టుకోండి. వార్తలకు, భక్తి ఛానళ్లకు ఎస్‌డీ చాలు.

బాక్సు మార్చేదాకా చేయగలిగినవి ఇవి. పిక్చర్ మోడ్ వివిడ్, డైనమిక్ ఉంటే స్టాండర్డ్ లేదా సినిమాకు మార్చండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. సగం పైన ఉంటే అది స్పష్టత పెంచదు, మొహం చుట్టూ తెల్లని గీత గీస్తుంది. ఎంపెగ్ నాయిస్ రిడక్షన్ ఎస్‌డీకి మీడియం, హెచ్‌డీకి ఆఫ్. కలర్ టెంపరేచర్ వార్మ్. మొదటి రెండు రోజులు పసుపుగా అనిపిస్తుంది, మార్చకండి, కన్ను అలవాటు పడ్డాక చర్మం రంగు అసలైనదిగా కనబడుతుంది. మనుషులు పొట్టిగా, లావుగా కనబడుతుంటే పిక్చర్ సైజ్ చూడండి: పాత 4:3 కార్యక్రమాన్ని 16:9కి సాగదీసి ఉంటుంది.

మోషన్ స్మూతింగ్ అని ఒకటి ఉంటుంది. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. దాన్ని టీవీ మధ్యలో ఫ్రేములు కల్పించి జారేలా చేస్తుంది, సినిమా కూడా సీరియల్‌లా కనబడుతుంది. ఆఫ్ చేయండి. క్రికెట్‌కు కావాలంటే లో పెట్టుకోవచ్చు. డ్యాన్స్ షోకు మాత్రం వద్దే వద్దు: చేతులు వేగంగా తిరిగినప్పుడు వేళ్ల చుట్టూ బొమ్మ చిరుగుతుంది.

దూరం: 43 అంగుళాలకు హెచ్‌డీ ఆరు అడుగుల నుంచి బాగుంటుంది, ఎస్‌డీ తొమ్మిది అడుగులు.

ఇక మాటలు. సన్నని టీవీల్లో స్పీకర్లు కిందికి లేదా గోడవైపు చూస్తుంటాయి. అక్షరాల స్పష్టత ఎక్కువగా ఉండేది 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య, అదే గోడకు తగిలి పోతుంది. సీరియల్‌లో డబ్ చేసిన గొంతు, దాని పక్కనే తీగవాద్యాలు, ఢామ్మనే చప్పుళ్లు అన్నీ ఒకే చోట గుంపుగా ఉంటాయి. సౌండ్ మోడ్‌లో సినిమా, సరౌండ్ తీసేసి స్పీచ్, న్యూస్, క్లియర్ వాయిస్‌లలో మీ టీవీలో ఏది ఉంటే అది పెట్టండి. ఈక్వలైజర్ ఉంటే 100 హెర్ట్జ్ గీత మూడు నాలుగు మెట్లు కిందికి, 1, 3 కిలోహెర్ట్జ్ గీతలు రెండు మెట్లు పైకి. ప్రకటనలు రాగానే చెవులు పగిలేలా వస్తే ఆటో వాల్యూమ్ ఆన్ చేయండి, 'పాడుతా తీయగా' వచ్చినప్పుడు మాత్రం ఆఫ్ చేయండి. గాయకుడు మెల్లగా అందుకొని పైకి వెళ్లే చోట అది గొంతును నొక్కేస్తుంది. ఆ కార్యక్రమం 1996 నుంచి నిలబడింది ఆ గొంతుల మీద, దాన్ని సాపుచేసి వినడం అన్యాయం.

ముఖ్యమైనది, చాలామంది మరచిపోయేది: బాక్సు వాల్యూమ్ పూర్తిగా పెట్టి, తగ్గింపు పెంపు టీవీ రిమోట్‌తో చేయండి. బాక్సు సగంలో ఉంటే టీవీ ఆ బలహీనమైన ధ్వనితో పాటు బుస్సుమనే శబ్దాన్ని కూడా పెంచుతుంది.


వడ్డేపల్లి చెరువుకట్ట

చాలా ధన్యవాదాలు. షార్ప్‌నెస్ తగ్గించి, వార్మ్ పెట్టి చూస్తే ఎస్‌డీలోనే తేడా తెలిసింది. బాక్సు వాల్యూమ్ సగంలోనే ఉండె.

ఇంకో రెండు. హెచ్‌డీ బాక్సుకు పైసలు పెట్టే బదులు డిష్‌కు పోతే ఎట్ల? మా డాబా మీదికి కోతులు గుంపులుగా వస్తయి, పిట్టగోడ మీద బిగించిన పక్కింటి డిష్ చేయి వంచేసినయి. లేకపోతే కేబుల్ తీసేసి అన్నీ ఇంటర్నెట్‌లోనే చూసుడు మంచిదా?


ములుగు రోడ్ ఎల్‌ఎన్‌బీ

డిష్ సంగతి. మన దగ్గర కోతుల బాధకు పరిష్కారం డిష్‌ను పైకి కాదు, కిందికి దింపడం. చాలామంది సిగ్నల్ కోసం అందరికంటే ఎత్తున, పిట్టగోడ మీద బిగిస్తరు. అవసరం లేదు. డీడీ ఫ్రీ డిష్ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. వరంగల్ నుంచి చూస్తే అది ఆగ్నేయంలో, ఉత్తరం నుంచి కుడికి లెక్కపెడితే 141 డిగ్రీల దిక్కున, నేల నుంచి 63 డిగ్రీల పైన ఉంటది. అంత నిటారుగా చూస్తున్నప్పుడు అడ్డం వచ్చేవి తక్కువ. ఒక అడుగు దూరంలో గోడ ఉంటే అది డిష్ కంటే రెండడుగులు ఎత్తున్నా సిగ్నల్‌కు తగలదు. అంటే మూడడుగుల పిట్టగోడ లోపలి వైపు, గోడకు రెండడుగులు జరిపి స్లాబ్ మీదనే బిగించొచ్చు. ఊగడానికి ఎత్తు లేకపోతే కోతి దాని జోలికి తక్కువ పోతది.

టాటా ప్లే 83 డిగ్రీలు: దాదాపు దక్షిణం, 169 డిగ్రీల దిక్కు, 68 డిగ్రీల ఎత్తు. ఎయిర్‌టెల్ 108.2: తూర్పుకు ఎక్కువ జరిగి 119 దిక్కు, ఎత్తు 51. ఎయిర్‌టెల్‌కు గోడ నుంచి కొంచెం ఎక్కువ జాగా వదలాలె. ఇవి ఉపగ్రహం ఉన్న ఎత్తులు. డిష్ పళ్లెం మాత్రం అంత పైకి చూస్తున్నట్టు కనబడదు. ఆఫ్‌సెట్ డిష్, అంటే సిగ్నల్ అందుకునే ముక్క (ఎల్‌ఎన్‌బీ) నడిమిట్ల కాకుండా కిందికి జరిగి ఉండే రకం కాబట్టి ఇరవై డిగ్రీలకు పైగా కిందికి వంగినట్టే ఉంటది. అది చూసి పైకి ఎత్తితే సిగ్నల్ పోతది.

బిగించేటప్పుడు: నాలుగు యాంకర్ బోల్టులు, స్ప్రింగ్ వాషర్లు తప్పకుండా. ఎల్‌ఎన్‌బీ చేతికి కింద నుంచి ఒక ఇనుప పట్టీ ఊతం. వైరు గాలిలో వేలాడకుండా అడుగుకో క్లిప్పు, లేకపోతే కోతులు పట్టి గుంజుతయి. ఎల్‌ఎన్‌బీ దగ్గర వైరును కిందికి ఒక వంపు తిప్పి అప్పుడు పైకి తీయాలె, వాననీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతయి. నేరుగా తెస్తే నీళ్లు కనెక్టర్‌లోకి దిగి లోపలి రాగి పచ్చబడతది, ఒక వానాకాలం దాటంగనే సిగ్నల్ మెల్లమెల్లగా పడిపోతది. వైరు ఆర్‌జీ6, ముప్పై మీటర్ల లోపు.

వానకు డిష్ ఆగుతది, అది నిజం. డిష్‌కు సిగ్నల్ తెచ్చే కేయూ బ్యాండ్ అలలను వాన చినుకులు మింగుతయి. మీ డాబా మీద వాన లేకున్నా ఆగ్నేయంలో నల్లమబ్బు ఉంటే పోతది. మబ్బు లేనినాడు గురి పెట్టేటప్పుడు తెర మీద సిగ్నల్ క్వాలిటీ అంకె రాంగనే ఆపెయ్యకుండా, కుడి ఎడమలకు ఒక్కో మిల్లీమీటరు జరుపుతూ అత్యధికం వచ్చేదాకా పోతే ఆగే సమయం తగ్గుతది. కేబుల్‌కు ఈ బాధ లేదు, దానికి కరెంటు బాధ. గల్లీలో సిగ్నల్ పెంచే ఆంప్లిఫైయర్‌కు కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా బొమ్మ రాదు.

ఫ్రీ డిష్ ఒక్కటే పెట్టుకుంటే నెలకు పైస కట్టేది లేదు. డీడీ యాదగిరి వస్తది. భద్రాచలం కళ్యాణం లాంటివి నాయనమ్మకు అందులోనే దొరుకుతయి. అయితే స్టార్ మా, జీ తెలుగు, జెమిని అందులో రావు. అమ్మకు అది పనికిరాదు. మీ ఇంటికి హెచ్‌డీ కేబుల్ బాక్సే నయం.


కాజీపేట జంక్షన్

ఎల్‌ఎన్‌బీ అన్న మాటే నాది కూడా. ఇంటర్నెట్ గురించి చెప్త.

ఛానళ్లకు తగ్గ యాప్‌లు నాలుగు: స్టార్ మాకు జియోహాట్‌స్టార్ (2025 ఫిబ్రవరిలో హాట్‌స్టార్, జియోసినిమా కలిసి ఇది అయింది), జీ తెలుగుకు జీ5, ఈటీవీకి ఈటీవీ విన్, జెమినికి సన్ నెక్స్ట్. మీ ఇంటికి రెండు చందాలు పడతయి. వార్తలు యూట్యూబ్‌లో లైవ్ వస్తయి. 'ఢీ' మీకు డ్యాన్సుల వరకే కాబట్టి దానికి ఛానల్ కూడా వద్దు, ఈటీవీ వాళ్లే యూట్యూబ్‌లో పర్ఫార్మెన్సులు విడిగా పెడతరు.

డేటా: మామూలు నాణ్యతలో గంటకు ముప్పావు జీబీ నుంచి ఒక జీబీ, పూర్తి హెచ్‌డీలో 3 జీబీ దాకా. రోజూ రెండు గంటలంటే 6 జీబీ. ఫోన్ హాట్‌స్పాట్ మీద 2 జీబీ ప్లాన్‌తో కుదరదు, ఇంటికి ఫైబర్ ఉండాలె. క్రికెట్ లైవ్ టీవీ కంటే కొన్ని సెకన్లు, ఒక్కోసారి అరనిమిషం దాకా వెనక వస్తది. గోడ అవతల కేక విన్నంక మీకు సిక్సర్ కనబడతది.

రిమోట్ నొక్కితే బొమ్మ రావాలె అనుకునే నాయనమ్మ, బాపు ఉన్న ఇంట్లో కేబుల్ తీసెయ్యొద్దు. ఫైబర్ ఇప్పటికే ఉంటే జియోహాట్‌స్టార్ ఒక్కటి అమ్మకు ఫోన్లో పెట్టి, కేబుల్‌లో స్టార్ మా తీసెయ్యొచ్చు. అప్పుడు సీరియల్ టైముకు బాపు వార్తలు ఆగవు.


మట్టెవాడ మల్లెలు

అట్ల చేస్తే ఒకటి గుర్తుపెట్టుకో తమ్మీ. యాప్‌లో 'తర్వాతి ఎపిసోడ్' దానంతట అది మొదలైతది. ప్రొఫైల్ సెట్టింగ్‌లో ఆటోప్లే ఉంటే ఆపెయ్యి. అమ్మ నడిమిట్ల నిద్రపోతే మూడు ఎపిసోడ్లు చూసినట్టు గుర్తు పడి, మరునాడు ఎక్కడ ఆగిందో దొరకదు. అమ్మ పేరుతో వేరే ప్రొఫైల్ పెట్టు, భాష తెలుగు చేసి పెట్టు, లేకపోతే తమిళ సీరియల్ కూడా అదే వరుసలో వచ్చి పొరపాటున అది పెట్టుకుంటది.


వడ్డేపల్లి చెరువుకట్ట

బాపు ఒకటి అడగమన్నడు. 'పాడుతా తీయగా' దాచిపెట్టుకోవచ్చా? పెన్‌డ్రైవ్‌లో ఎక్కిస్తే వేరే టీవీలో చూడొచ్చా?


హంటర్‌రోడ్ స్పీకర్

హెచ్‌డీ బాక్సుల్లో రికార్డింగ్ ఉన్నవి ఉంటాయి, తీసుకునేటప్పుడే అడగండి. పెన్‌డ్రైవ్ కనీసం 32 జీబీ, బాక్సుతోనే ఫార్మాట్ చేయాలి. గంట హెచ్‌డీకి 3 నుంచి 4 జీబీ పట్టవచ్చు. నిమ్మదిగా రాసే పాత పెన్‌డ్రైవ్ అయితే పాట మధ్యలో తెగుతుంది, యూఎస్‌బీ 3 రకం తీసుకోండి. టైమర్ పెట్టేటప్పుడు ఐదు నిమిషాలు ముందు, పది నిమిషాలు తర్వాత అని పెట్టండి. ప్రత్యేక ఎపిసోడ్లు సమయం దాటుతాయి. రికార్డయ్యే గంటలో చాలా బాక్సుల్లో వేరే ఛానల్ రాదు.

వేరే టీవీలో మాత్రం ఆడదు. పే ఛానల్ రికార్డింగ్‌కు తాళం వేసి రాస్తుంది, ఆ తాళంచెవి ఆ బాక్సులోనే ఉంటుంది. బాక్సు పాడై మార్చినా పాత రికార్డింగులు తెరుచుకోవు. బాపుకు ఎప్పటికీ కావాలనుకున్న పాటలు ఉంటే వాటిని ఈటీవీ విన్‌లో వెతికి ఎపిసోడ్ తేదీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోమనండి.